కొండ దారిలో దిగడమే అసలు పని

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్ళు మొదట అడిగేది ఎక్కడం గురించే. ఎంత పవర్ ఉంది, ఏ టైర్లు వేయాలి, ఎంత నిటారు గట్టు ఎక్కుతుంది అని. ఎక్కలేకపోతే బండి ఆగుతుంది. దిగేటప్పుడు పట్టు తప్పిన బండి మాత్రం తనంతట తాను ఆగదు. అందుకే కొండ మట్టి దారిలో ప్రతి నిర్ణయం 'ఇక్కడి నుంచి తిరిగి దిగగలమా' అనే ప్రశ్నతోనే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

దిగడానికి ఉన్న పెద్ద ఆయుధం లో రేంజ్. ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండే ఈ అదనపు గేరు చాలా బండ్లలో వేగాన్ని 2 నుంచి 4 రెట్లు తగ్గిస్తుంది. నిష్పత్తి 2.5 అయితే, ఇంజన్ అదే వేగంతో తిరుగుతున్నా చక్రాలు రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి. ఇంజన్ బండిని వెనక్కి పట్టి ఉంచే బలం కూడా దాదాపు అన్ని రెట్లూ పెరుగుతుంది. నిటారు దిగుడులో లో రేంజ్ మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. క్లచ్ జోలికి అసలు పోవద్దు. క్లచ్ నొక్కిన క్షణమే ఇంజన్ పట్టు పోయి, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఆటోమేటిక్ బండిలో గేరును చేత్తో ఒకటిలో ఉంచాలి. అందులో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ ఇంజన్ పట్టును పూర్తిగా చక్రాలకు చేర్చదు కాబట్టి మధ్యమధ్య కొద్దిగా బ్రేకు తప్పదు.

లో రేంజ్‌లోకి మారడం దిగుడు మొదలవ్వకముందే, చదునైన చోట అయిపోవాలి. దీనికి కారణం ఉంది. మారేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్క క్షణం న్యూట్రల్ గుండా పోతుంది. లివర్ అక్కడే చిక్కుకుంటే గేర్‌బాక్స్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు మొదటి గేరులో ఉన్నా, ఆటోమేటిక్‌లో 'పార్క్'లో పెట్టినా బండి దొర్లుతుంది. వాలులో ఆగి లివర్‌తో కుస్తీ పట్టాల్సి వస్తే, ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, చక్రాల కింద రాళ్ళు పెట్టాకే ఆ పని చేయాలి.

పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావలసినప్పుడే ముందు, వెనక చక్రాలను కలిపి బిగించేది) అయితే గట్టి పొడి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. జారని నేల మీద ఆ తేడా పోయే దారి లేక షాఫ్టులు మెలిపడతాయి, లివర్ బిగుసుకుపోతుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే వదులవుతుంది.

ఇక బ్రేకులు. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగదు. కానీ ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బాగా తేమ పట్టిన ఫ్లూయిడ్‌కు ఆ హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. పొడవైన దిగుడులో కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ వేడి తేలిగ్గా వస్తుంది. ఫ్లూయిడ్‌లో బుడగలు పుట్టి, పెడల్ మెత్తబడి నేలదాకా పోతుంది. కొండలకు తిప్పే బండికి రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్పించడం నా లెక్కలో అన్నిటికంటే చవకైన భద్రత. కాలిన వాసన వచ్చినా, పెడల్ రోజూ కంటే లోపలికి వెళ్తున్నా చదును కనిపించగానే ఆపండి. గేరులో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్ళు పోయకండి, వంకరపోతాయి లేదా పగులుతాయి.

వదులు కంకర మీద బ్రేకు గట్టిగా నొక్కితే చక్రాలు తిరగడం మానేసి బండి జారుతుంది. తిరగని చక్రం స్టీరింగ్ మాట వినదు. బ్రేకు వదలాలి. వెనక భాగం పక్కకు తిరగబోతుంటే కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. మనసు ఒప్పుకోదు గానీ చక్రాలు మళ్ళీ దొర్లి బండి తిన్నబడేది అలాగే.

ఎక్కుతూ సగంలో ఆగిపోయారనుకోండి. అది కూడా దిగడమే, అదీ వెనక్కి. బ్రేకు గట్టిగా పట్టండి, క్లచ్ నొక్కి లో రేంజ్ రివర్స్ వేయండి, క్లచ్ పూర్తిగా వదిలాక బ్రేకును మెల్లగా సడలించండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, అద్దాల్లో రెండు వైపులా చూస్తూ, వచ్చిన చక్రాల గాడుల్లోనే దిగాలి. బండిని అక్కడే అడ్డంగా తిప్పే ప్రయత్నం చేయకండి, బోల్తా పడేది అప్పుడే. ఇంజన్ ఆగిపోతే ఇంకో చిక్కు. బ్రేకు తేలిగ్గా పడేలా సాయపడే వాక్యూమ్ బూస్టర్‌లో ఒకటి రెండు సార్లు నొక్కడానికి సరిపడా బలమే మిగులుతుంది. కాబట్టి బ్రేకును పంపులా కొట్టకుండా ఒక్కసారే నొక్కి పట్టుకోవాలి.

పక్కవాలు మీద బండి జారడం మొదలైతే స్టీరింగ్ పల్లం వైపు తిప్పాలి. డీజిల్ డబ్బాలు, పనిముట్లు పైకప్పు మీద కాకుండా వెనక నేలమీద, కదలకుండా కట్టాలి. పైన పెట్టిన ప్రతి కిలో బండిని బోల్తాకు దగ్గర చేస్తుంది.

టైర్ల గాలి విషయంలో మొహమాటం వద్దు. రోడ్డు మీద 32 నుంచి 36 పీఎస్‌ఐ ఉంచే బండికి కంకర దారిలో 25 నుంచి 28, రాళ్ళ దారిలో 18 నుంచి 22 బాగుంటుంది. గాలి తగ్గితే టైరు నేలకు ఆనే భాగం పొడవుగా సాగి, రాయిని చుట్టుకుని పట్టుకుంటుంది. 15 కంటే దించితే మాత్రం మామూలు రిమ్ము నుంచి టైరు అంచు ఊడే ప్రమాదం ఉంది, ముఖ్యంగా మలుపు తిరుగుతూ దిగేటప్పుడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు పక్క గోడలు ఉబ్బి పదునైన రాళ్ళకు కోసుకుంటాయి. అక్కడ పడిన కోతకు వేసిన ప్లగ్ అతుకు మీరు ఆ దారి నుంచి బయటపడేదాకే పనికొస్తుంది. పూర్తి సైజు స్టెప్నీ, గాలి కొట్టే కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి.

ఏటీవీ (హ్యాండిల్ పట్టి నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ నడిపేవారి బరువు మొత్తంలో ఐదో వంతో, నాలుగో వంతో ఉంటుంది. కాబట్టి ఒళ్ళు ఎటు వంచారన్నదే బండి నిలబడుతుందా, బోల్తా పడుతుందా అన్నది తేలుస్తుంది. ఎక్కేటప్పుడు సీటు మీద ముందుకు జరిగి హ్యాండిల్ మీదకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి, పక్కవాలులో మెరక వైపు వాలాలి. ఒక్కరి కోసం చేసిన ఏటీవీ మీద ఇద్దరు కూర్చుంటే ఇవేవీ చేయడానికి చోటుండదు. ఎక్కుతూ ఊపు పోయి వెనక్కి దొర్లితే ఒళ్ళు మెరక వైపే ఉంచి ముందు బ్రేకు పట్టాలి. వెనక బ్రేకు గబుక్కున పట్టారంటే బండి ముందు చక్రాలు లేచి మీ మీదే పడుతుంది. ఆగాక పార్కింగ్ బ్రేకు వేసి మెరక వైపుకే దిగాలి.

బెల్టుతో నడిచే ఏటీవీల్లో ఇంకో మెలిక ఉంది. ఇంజన్ వేగం బాగా పడిపోతే చాలా మోడళ్ళలో ముందు పుల్లీ బెల్టును వదిలేస్తుంది, బండి స్వేచ్ఛగా దొర్లుతుంది. దిగేటప్పుడు అది జరిగితే థ్రాటిల్ చిన్నగా తట్టండి, బెల్టు పట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు హై గేరులో నెమ్మదిగా పోతే బెల్టు పుల్లీ మీద జారి కాలుతుంది, రబ్బరు వాసన వస్తుంది. 'ఎల్' (లో గేరు) వాడండి. బెల్టు పెట్టెలోకి నీళ్ళు పోతే అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ తీసి, న్యూట్రల్‌లో కాసేపు ఇంజన్ పెంచితే ఆరుతుంది. ఏటీవీ టైర్లకు సాధారణంగా 4 నుంచి 7 పీఎస్‌ఐ చాలు. ఒక్క పీఎస్‌ఐ తేడాకే హ్యాండిల్ పక్కకు లాగుతుంది కనుక తక్కువ గాలి కొలిచే గేజ్ విడిగా ఉండాలి.

మంచు కరిగి పారే వాగులు ఉదయం తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా పారతాయి. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు తిరిగొచ్చేసరికి తొడదాకా రావచ్చు. ముందు కర్రతో నడిచి చూడండి. నడిచి దాటలేని నీటిలోకి బండిని దించకండి. నీటిలో ఇంజన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లోకి నీళ్ళు చేరి ఉంటే అవి అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇరుకు దారిలో ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వడం మర్యాద, కాని ఆగడానికి చోటు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళు జరగడమే తెలివి. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ట్రైలర్ తగిలించే బాల్‌కు తాడు కట్టకండి. అది విరిగితే తుపాకి గుండులా ఎగురుతుంది. ఛాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కేలనే వాడాలి.

డీజిల్‌కు నా లెక్క మూడు వంతులు: ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి, ఒకటి తాకకుండా ఉంచడానికి. లో రేంజ్‌లో ఖర్చు రోడ్డు మీదకంటే బాగా ఎక్కువ.

కిందికి చేరాక టైర్లలో గాలి నింపకుండా వేగం పెంచకండి, వేడెక్కి చీలిపోతాయి. చక్రాల నట్లు బిగించి చూడండి. సైలెన్సర్ దగ్గర ఇరుక్కున్న ఎండుగడ్డి తీసేయండి, దానికి నిప్పంటుకోవచ్చు. వాగు దాటి ఉంటే మర్నాడు యాక్సిల్ డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. వేడి యాక్సిల్ చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) గుండానో సీళ్ళ గుండానో నీటిని లోపలికి లాగుతుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చి, బ్రీదర్‌కు గొట్టం వేసి బానెట్ దాకా ఎత్తి కట్టండి.