మా నాయన రేడియో మళ్లీ పలికేదాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం మా ఇంటి అరుగు మీద మా నాయన రేడియో పలికింది. ముప్పై ఏళ్లకు పైగా మూగబోయి ఉన్న ఆ పెట్టెను పలికించడానికి నాకు ఐదు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు ఒకే ఒక్క దుకాణం చుట్టూ తిరగడానికే సరిపోయాయి. ఆ కోపమూ ఈ సంతోషమూ ఆరకముందే జరిగినదంతా రాసి పెట్టాలనిపించింది. పాత రేడియోను బాగు చేయించుకోవాలని ఎవరి మనసులోనైనా ఉంటే, నాకు జరిగింది వారికి జరగకూడదు.

మాది నల్లగొండ జిల్లాలో హాలియా, నిడమనూరు మధ్య ఒక చిన్న ఊరు. సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలినా, ఆ నీరు మా మడికి అందడానికి మరికొన్నేళ్లు పట్టింది. వరి పండి, వడ్లు అమ్మి, అప్పు తీరి, చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన మొదటి ఏడు 1975. ఆ ఏడాదే మా నాయన మిర్యాలగూడ వెళ్లి, మూడు వందల చిల్లర పోసి, తోలు తొడుగున్న మూడు బ్యాండ్ల మర్ఫీ ట్రాన్సిస్టర్ కొనుక్కొచ్చాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అంతకు ముందు మాకు తెలిసిన రేడియో గ్రామ పంచాయతీదే. సాయంత్రం పూట మైకులో పెడితే ఊరంతా వినేది, మైకు చెడిపోతే ఊరంతా ఊరుకునేది. మా ఇంటి రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకున్నాము. ఏటేటా రుసుము కట్టి బిళ్లలు అంటించుకున్న ఆ చిన్న పుస్తకం నేటికీ మా అమ్మ ట్రంకుపెట్టెలో, భూమి కాగితాల పక్కనే ఉన్నది.

హైదరాబాదు కేంద్రాన్ని మా నాయన చివరిదాకా ‘దక్కన్ రేడియో’ అనే పిలిచాడు. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన ఆ స్టేషన్ 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణి అయిందని బడిలో చదువుకొని నేను సరిదిద్దితే, ‘పేరు మారితె గొంతు మారిందా బిడ్డా’ అనేవాడు. అమ్మకు అంకెలు రావు. తాను పొలంలో ఉన్నప్పుడు ఆమె కూడా హైదరాబాదు పెట్టుకోగలగాలని, ఏరువాక పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకు పూసిన ఎర్ర రంగులో చీపురుపుల్ల ముంచి, డయల్ అద్దం మీద ఆ స్టేషన్ పలికే చోట ఆవగింజంత చుక్క పెట్టాడు. ముల్లు ఆ చుక్క మీదికి వస్తే హైదరాబాదు. మా అమ్మకు రేడియో చదువు అంతే, అది చాలింది.

పొద్దున సంస్కృత వార్తల్లో ‘ఇయం ఆకాశవాణీ’ అంటూ బలదేవానంద సాగర్ గొంతు వినిపించగానే బడికి వేళవుతున్నదని తెలిసేది. ఆదివారాలు పిల్లల కార్యక్రమానివి, సాయంత్రాలు రైతులవి. షార్ట్‌వేవ్ మీద రేడియో సిలోన్ పట్టడం మాత్రం నా పని. అల మీద తేలి వచ్చినట్టు పెరుగుతూ తరుగుతూ ఉండే ఆ స్టేషన్‌ను, మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు మాటను, వెంట్రుకవాసి తిప్పి పట్టుకోవడంలో మా వాడకట్టులో నన్ను మించినవాడు లేడని ఈనాటికీ ధైర్యంగా చెప్పగలను. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ వార్త వినడానికి మా వాకిట్లో యాభై మంది నిలబడ్డారు. అంత మంది ఉండి కూడా రేడియో గొంతు తప్ప మరే చప్పుడూ లేని సాయంత్రాన్ని మా ఇంట్లో నేను మళ్లీ చూడలేదు.

నాయన పోయి పదేళ్లు దాటింది. ఈ ఉగాదికి అటక దులుపుతుంటే రేడియో దొరికింది. దుమ్ము దులపడం, తోలు తొడుగుకు నూనె రాయడం, తుప్పు పట్టిన సెల్లుల గూడు గీకడం ఒక పూటలో అయిపోయాయి. నాలుగు పెద్ద సెల్లులు వేస్తే చిన్న గరగర కూడా రాలేదు. అమ్మ పక్కనే కూర్చుండి, ‘నేను పొయ్యేలోపల ఒక్కసారి దాని గొంతు ఇనిపియ్యి’ అన్నది. ఆమెకు ఎనభై మూడేళ్లు. ఇక ఆగలేదు.

నల్లగొండలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం బోర్డు మీద ‘రేడియో, టీవీ, మిక్సీ, హోం థియేటర్ రిపేరు చేయబడును’ అని ఉంటే నమ్మి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా నిండని యజమాని రేడియోను అటూ ఇటూ తిప్పి చూసి, ‘వారం రోజుల్ల అయితది సార్, ఎనిమిది వందలు అడ్వాన్స్ ఇయ్యుండ్రి’ అన్నాడు. ఇచ్చాను. రసీదు అడగలేదు, అది నా మొదటి తప్పు. లోపల ఏమేమి ఉన్నాయో ఫోటో తీసుకోలేదు, అది రెండవది. వారం తరువాత వెళితే పార్టు రాలేదన్నాడు. పక్షం తరువాత వెళితే కుర్రవాడు పెళ్లికి పోయాడన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తితే ‘రేపు’ అంటాడు. మా ఊరి నుండి రెండు బస్సులు మారి పోవాలి. ఏడుసార్లు పోయాను. ముప్పై నాలుగేళ్లు బడిపిల్లలకు పాఠం చెప్పినవాడిని, ఆ కౌంటర్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను.

ఎనిమిదోసారి ఫోన్ అతనే చేశాడు. వెళ్లగానే రేడియోను బల్ల మీద పెట్టి, గర్వంగా ఒక మీట నొక్కాడు. ముందువైపు జాలీలో ఎర్ర అంకెలు వెలిగాయి. ఎఫ్ఎం పాట గట్టిగా మోగింది. ‘పెన్ డ్రైవ్ కూడ పడతది సార్, బ్లూటూత్ కూడ ఉంది’ అన్నాడు. నేను చేతిలోకి తీసుకున్నాను. అది గాలిపెట్టెలాగా తేలికగా ఉన్నది. జాలీని కోసి, అగ్గిపెట్టెంత రంధ్రం చేసి అందులో ఆ అంకెల పలకను బిగించారు. ట్యూనింగ్ మీట తిప్పితే వట్టిగా తిరిగింది, ముల్లు కదలలేదు. దానిని ఒక మూలకు జిగురుతో అంటించారు. వెనుక మూత తీసి చూస్తే, నిండుగా ఉండవలసిన పెట్టెలో అరచేతి వెడల్పు కొత్త బోర్డు ఒకటి, రెండు తీగలు, ఒక కొత్త స్పీకరు తప్ప ఏమీ లేవు. నాయన చుక్క మాత్రం అద్దం మీద అలాగే ఉన్నది.

‘పాత బోర్డు ఏది?’ అని అడిగాను. పాత ఇనుప సామాను వాడికి వేశానన్నాడు. నాకు చెప్పకుండా ఎందుకు తీశావని అడుగుతుంటే గొంతు పూడుకుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. దుకాణంలో ఐదారుగురు ఉన్నారు. ‘ఏంది సార్, పెద్దమనిషివి, గీ డబ్బకు ఇంతగనం ఏడుస్తున్నవ్? కొత్తది చేసిచ్చిన, సంతోషపడాలె గని’ అన్నాడు. అందరూ నవ్వారు. ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఈ వయసులో, నా పాత విద్యార్థుల తండ్రులు తిరిగే పట్టణంలో, నాకు అంత అవమానం ఎన్నడూ జరగలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

అక్కడ పనిచేసే పిల్లవాడు, పదహారేళ్లు ఉంటాయేమో, టీ తెచ్చే నెపంతో వచ్చి, ‘తాతా, ఇంక ఎయ్యలే. ఎన్క గోతాలల్ల ఉంటది, దేవులాడుకో’ అని చెవిలో చెప్పి పోయాడు. యజమానిని బతిమాలుకొని వెనుక గదిలో నేల మీద కూర్చుండి రెండు గోతాలు గుమ్మరించుకున్నాను. టీవీ రిమోట్లు, మిక్సీ మోటార్లు, చార్జర్లు, తీగల చిక్కులు. గంటన్నర వెతికితే మా బోర్డు దొరికింది. 1981లో మిర్యాలగూడ మెకానిక్ బ్యాండ్ స్విచ్ పక్కన అతికించిన పసుపుపచ్చ తీగను చూసి గుర్తుపట్టాను. స్టేషన్ మార్చే గ్యాంగు దానికే ఉన్నది. నల్లని ఫెర్రైట్ కడ్డీ మాత్రం రెండు ముక్కలై కనిపించింది. స్పీకరు మరో గోతాంలో అడుగున ఉన్నది. దోసిట్లో పట్టుకొని వస్తే, నా సొంత వస్తువులను తూకం వేసి నూరు రూపాయలు తీసుకున్నాడు. అతను బిగించిన కిట్టుకు అంతకుముందే పదహారు వందలు లెక్క కట్టాడు. ఇచ్చి వచ్చాను, వాదించే శక్తి లేదు.

అతని చేతికి పని రాకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఈ కాలపు పిల్లలు పాత రేడియోల లోపల ఉండే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు చూసి ఉండరు. కానీ రానప్పుడు రాదని చెప్పాలి. వస్తువు ఎవరిదో వారిని అడగకుండా దాని లోపలి భాగాలను తీసి పారవేయడం మరమ్మతు కాదు, దొంగతనం. రేడియో అంటే బయటి పెట్టె అనుకునేవారి చేతిలో పెడితే మీకు మిగిలేది పెట్టె మాత్రమే. అందుకే చెబుతున్నాను: పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలని ముందే రాయించుకోండి, లేదా మెకానిక్ విప్పుతున్నప్పుడు పక్కన కూర్చోండి. కూర్చోనివ్వనంటే ఆ దుకాణం మెట్లు దిగిపోండి.

సూర్యాపేటలో, దుకాణం మూసి ఇంట్లోనే ఉంటున్న ఒక పెద్ద మెకానిక్ సంగతి మా వియ్యంకుడు చెప్పాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, అందరూ చాచా అంటారు. సంచి విప్పి ముక్కలన్నీ చాప మీద పరిచి, తలదించుకొని జరిగినదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బోర్డును వెలుతురుకు ఎత్తి చూసి, ‘మాస్టర్ సాబ్, మీ దగ్గెర ప్రాణం ఉన్నది. శరీరానిది ఏముంది, కుట్టొచ్చు’ అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా పక్కనే కూర్చున్నాను. ఎండిపోయిన పాత కండెన్సర్లు ఆరింటిని తీసి కొత్తవి వేశాడు. స్పీకరును నడిపే రెండు ఏసీ 128 ట్రాన్సిస్టర్లలో ఒకటి చచ్చిపోయిందని మీటరు పెట్టి చూపి, మందుల డబ్బాలో దాచుకున్న పాతవాటిలోనుంచి జోడు కుదిరే రెండింటిని ఏరి అతికించాడు. విరిగిన ఫెర్రైట్ కడ్డీని జిగురుతో కలిపి, ఆరనిచ్చి, దాని మీది తీగచుట్టను వేలిగోటితో కొద్ది కొద్దిగా జరుపుతూ, ఏ చోట మోత పెరుగుతున్నదో చెవితో పట్టి, అక్కడ మైనం పెట్టి ఆపాడు. మీడియం వేవ్‌కు ఆ కడ్డీయే ఏరియల్ అని, దాని పక్క స్టేషన్ వైపు తిరిగితే గొంతు పెరుగుతుందని, కొన తిరిగితే పడిపోతుందని చెప్పాడు. అరుగు మీద రేడియోను ఎవరైనా జరిపితే నాయన ఎందుకు కోప్పడేవాడో యాభై ఏళ్ల తరువాత నాకు అర్థమైంది.

చివరికి డయల్ దారం. కొత్త దారాన్ని చక్రం చుట్టూ మూడు చుట్లు తిప్పి, స్ప్రింగుకు బిగించి, ముల్లును తగిలించే ముందు ఆయన ఆగాడు. దారం కొత్తది కాబట్టి ముల్లు ఎక్కడ నిలవాలో ఒక గుర్తు కావాలి. అద్దం మీద స్టేషన్ల చోట్లు చూపే పాత అంకెలు చాలా వరకు చెరిగిపోయాయి. అప్పుడు నేను ఎర్ర చుక్క చూపించి సంగతి చెప్పాను. ఆయన హైదరాబాదు స్టేషన్ పట్టి, 738 కిలోహెర్ట్జ్ మీద గొంతు నిండుగా వచ్చే చోట గ్యాంగును నిలిపి, ముల్లును తెచ్చి సరిగ్గా ఆ చుక్క మీద పెట్టి దారానికి నొక్కాడు. ‘మీ నాయిన పని సగం ఎప్పుడో చేసిపెట్టిండు’ అన్నాడు. సామాన్లతో కలిపి ఐదు వందల యాభై అడిగాడు. వెయ్యి ఇస్తే మిగిలినది తిరిగి నా జేబులో పెట్టాడు.

ఇంటికి తెచ్చి పెట్టగానే ముందు బరబర తప్ప ఏమీ రాలేదు. గుండె జారిపోయింది. చాచాకు ఫోన్ చేస్తే, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపి చూడమన్నాడు. ఇంట్లో అన్నీ ఆపి అరుగు మీదికి తెచ్చాము. బరబర తగ్గింది. అమ్మ మంచం మీది నుండి లేచి వచ్చి, నన్ను పక్కకు జరగమని, మీటను తానే పట్టుకున్నది. చూపు సరిగా ఆనదు, అందుకని అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, ముల్లును నెమ్మదిగా తెచ్చి ఎర్ర చుక్క మీద నిలిపింది. గొంతు వచ్చింది కానీ సన్నగా ఉన్నది. ఆమె రేడియోను రెండు చేతులతో ఎత్తి, అరుగు మూలన నాయన పెట్టే చోట, ఆయన పెట్టినట్టే వేపచెట్టు వైపుగా తిప్పి పెట్టింది. గొంతు నిండుగా పలికింది. మగవార్తలా, ఆడవార్తలా అని అడిగింది. ఆమెకు వార్తలు చదివే గొంతును బట్టి ఆ రెండే రకాలు.

‘ఆడవార్తలే అమ్మా’ అన్నాను.