అనుమానం ముందే స్థిరపడితే: కాబూల్ డ్రోన్ దాడి

2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక తెల్ల టయోటా కరోలాను దాదాపు 8 గంటలు వెంటాడి, చివరికి హెల్‌ఫైర్ క్షిపణి వదిలింది. చనిపోయిన 10 మందీ సామాన్య పౌరులే. వాళ్లలో 7 గురు పిల్లలు. పేలుడు పదార్థాలనుకున్నవి నీళ్ల డబ్బాలు.

తెల్ల కరోలాతో దాడి జరగొచ్చన్న సమాచారం ముందే ఉంది. కాబూల్ వీధుల్లో అలాంటి కార్లు కోకొల్లలు. అయినా ఆపైన కంటపడిన ప్రతిదాన్నీ ఆ అనుమానానికే ముడిపెట్టారు. దాడికి 2 నిమిషాల ముందు వీడియోలో ఒక చిన్నారి ఉన్నట్టు, తర్వాత అమెరికా వైమానిక దళం జరిపిన సమీక్షలో తేలింది. అప్పుడు ఎవరూ గమనించలేదు.

యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్, 50వ అధికరణం సూటిగానే చెబుతుంది: ఒక మనిషి పౌరుడా కాదా అన్న సందేహముంటే పౌరుడిగానే లెక్కించాలి. లక్ష్యం తప్పేమోనని వాదించడమే పనిగా, దాడిని నడిపే గదిలో మరో బృందం ఉండాలని సమీక్ష సూచించింది. నేనైతే ఆ బృందానికి దాడి ఆపించే అధికారం కూడా ఇస్తాను.