గంజి అయిపోయాక వచ్చిన పడవలు

ఉగాండా రాజధాని కంపాలా నుంచి జింజా 80 కిలోమీటర్లే. కానీ 14 సీట్ల వ్యాన్, వాళ్ల భాషలో 'ట్యాక్సీ', నిండేదాకా కదలదు. గంటన్నర కూర్చోబెట్టి, దిగేటప్పుడు ముందు చెప్పినదానికంటే ఎక్కువ గుంజాడు. అక్కడి నుంచి బోడా బోడా, అంటే అద్దె మోటార్‌సైకిల్ మీద విక్టోరియా సరస్సు ఒడ్డున ఒక జాలరి ఊరికి. పిల్లలు "ముయిందీ!" అని వెంటపడ్డారు. ఇండియావాడా అని.

ఆరోజు బిల్‌హార్జియా మాత్రల పంపిణీ, సరస్సు నీళ్లలోంచి ఒంట్లోకి పోయే పురుగుల జబ్బుకి. జనాన్ని పోగుచేసేది ఎంబైరే అనే చెక్క వాద్యం. రెండు అరటిబోదెలు సమాంతరంగా పడుకోబెట్టి, వాటిమీద చెక్క పలకలు అడ్డంగా పేరుస్తారు. పలకలు జారకుండా మధ్యలో పుల్లలు గుచ్చుతారు. ఒకే వాద్యం మీద నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చుని వాయిస్తారు. బోదె పచ్చిగా ఉండాలి, ఎండితే పలక మోగదు. డోలు తోలు సడలితే మంట దగ్గర పెట్టారు, అచ్చం మన డప్పుకి చేసినట్టే.

ఆట తమెన్హైబుగా, ఈ బుసోగా ప్రాంతం వాళ్ల నాట్యం. పేరులోనే సొరబుర్ర ఉంది, పగలగొట్టొద్దని. నడుముకి తోలు కట్టుకుని, భుజాలు కదలకుండా తుంటి ఒక్కటే ఊపుతారు. ఈ జట్టు చేసిన మార్పల్లా, ఒకడు సొరబుర్రని పొట్టమీద కట్టుకుని రావడం. నవ్వులు. జబ్బు ముదిరితే కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి అలాగే ఉబ్బుతుందని తర్వాత చెబితే ఎవరూ నవ్వలేదు. మనిషి మలంతో గుడ్లు సరస్సులో పడి, నత్తలో పెరిగి, నీళ్లలో దిగినవాడి చర్మం గుండా పురుగు లోపలికి పోతుంది. అదీ ఆటలోనే చూపించారు.

మాత్ర ప్రాజిక్వాంటెల్, 600 మిల్లీగ్రాములది. ఒంటి బరువు కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున వేయాలి, ఊళ్లో తూకం మిషన్ ఉండదు కదా, అందుకే ఎత్తు కొలిచే గీతల కర్ర. 94 సెంటీమీటర్లు దాటితే ఒకటి, 110 దాటితే ఒకటిన్నర, అలా పెరుగుతూ 160 దాటితే నాలుగు, 178 పైన ఐదు. చెప్పులు విప్పించి, మడమలు కర్రకి ఆనించాలి. జుట్టు ముడి లెక్కలోకి రాకూడదు. చేదు మాత్ర, నమలకుండా మింగాలి.

అసలు చిక్కు ఖాళీ కడుపుతో. వాంతి, కళ్లు తిరగడం. ఒక్కడు పడిపోతే మరుసటి ఏడు సగం ఊరు రాదు. మన దగ్గర బోదకాలు మాత్రలు కొంగున కట్టుకుని, తర్వాత పెంటలో పడేసేది ఇందుకే. అందుకని ఇక్కడ వరస ఇది: ఆట, మొక్కజొన్న గంజి, కర్ర, మాత్ర, మళ్లీ ఆట. ఈ రెండో ఆటని నేను వినోదం అనుకున్నాను. మింగినవాళ్లు వెంటనే ఇంటికి పోకుండా ఆపే కిటుకు అది, ఎవరికైనా తేడా చేస్తే కళ్లముందే ఉంటారు.

ఒకే లోపం, వేళ. రాత్రంతా వల వేసేవాళ్లు పొద్దెక్కాకగానీ రారు. నీళ్లలో ఎక్కువసేపు నానేదీ వాళ్లే. పైగా ఈ మందు ఎదిగిన పురుగుల్నే చంపుతుంది, మళ్లీ దిగితే మళ్లీ వస్తుంది. పడవలు ఒడ్డుకి చేరేసరికి పలకలు మూటకట్టేశారు. మాత్రల పెట్టె మళ్లీ తెరిచారు. గంజి అయిపోయింది.