కుట్టుమిషన్ మీద ఓటు

పొద్దున అవ్వ పింఛను పుస్తకం కోసం రేకు పెట్టె దించాను. పుస్తకం దొరకలేదు గానీ అడుగున, పసుపంటిన గుడ్డలో చుట్టిన ఓటరు కార్డు దొరికింది. చేతిలో పెడితే, "ఈసారి ఓటు మిషన్ మీద వేపిస్తవా బిడ్డా, మల్ల కాయితమేనా?" అంది. ఎలక్షన్లు ఇప్పట్లో లేవు. ఆమె కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల సంగతి. 80 దాటినవాళ్లు ఇంట్లోనే ఓటెయ్యొచ్చని మా బూత్ ఓటర్ల లిస్టు చూసే బీఎల్‌వో 12డి ఫారం తెచ్చిచ్చాడు. అవ్వకు అప్పుడు 82, మోకాళ్లు పూర్తిగా పోయాయి. ఆమెను అడగకుండానే నింపేశాను. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందే వరంగల్ కొత్తవాడలోని మా ఇంటికి ఆఫీసర్లు, పోలీసు, వీడియో తీసే అబ్బాయి వచ్చారు. మా ముందు గదిలో బల్ల లేదు. కుట్టుమిషన్ మీద అట్ట అడ్డం నిలబెట్టి, మమ్మల్ని బయటికి పంపారు. అవ్వ వణికే చేత్తో పెన్ను పట్టి బ్యాలెట్ కాయితం మీద గుర్తు పెట్టేసరికి గల్లీ అంతా మా గుమ్మం ముందు జమైంది.

అంతా వెళ్లిపోయాక చూస్తే అవ్వ మొహం ముడుచుకుని కూర్చుంది. "బీప్ అనకపాయె, లైను లేకపాయె, ఒక్క మనిషి కనబడకపాయె. గిది ఓటా?" లైన్లో నిలబడితేనే తన ఈడువాళ్లలో ఎవరున్నారో, ఎవరు పోయారో ఆమెకు తెలిసేది. నాకది తట్టనే లేదు. 12డి ఇచ్చి లిస్టులో పేరెక్కిందంటే ఇక బూత్‌లో వెయ్యనివ్వరు. ముందే ఒక్క మాట అడగాల్సింది.

ఆర్నెల్లు తిరక్కుండానే పార్లమెంటు ఎన్నికలు. ఈలోపు ఇంటి ఓటుకు వయసు 85కు పెంచారు. నవంబరులో నడవలేని మనిషికి మే నెలలో కాళ్లొస్తాయా అని నేను మండిపడ్డాను. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వయసుతో పని లేదు. ముసలి మోకాళ్లకు సర్టిఫికెట్ కోసం ఎక్కడ తిరగను? అవ్వకు మాత్రం పండగే. మే 13న ఏడు కొట్టకముందే ఉతికిన చీర కట్టి ఆటోలో కూర్చుంది. బడి దగ్గర ర్యాంపు ఉంది, వీల్‌చైరూ ఉంది, తోసే మనిషే లేడు. నేనే తోశాను. చూపు ఆనదు కదా, లోపలికి తోడొస్తానంటే వద్దంది. కాసేపటికి బీప్ వినబడింది. ఆ సిరా వేలు గల్లీలో చూడనివాళ్లు లేరు.

ఇవాళ మధ్యాహ్నం మహారాష్ట్రలోని భీవండి నుంచి చిన్నాయిన ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. ఇరవై ఏళ్లుగా అక్కడ సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే, ఆయన పని. ఓటు మాత్రం ఇక్కడే. కోణార్క్ రైలెక్కి వచ్చిపోతే మూడు రోజుల కూలి పోతుంది. ఫారం 8 పెట్టి ఓటు అక్కడికే మార్చుకొమ్మంటే, "నా ఇల్లు ఆడనే, మా అమ్మ ఆడనే. ఈడ ఓటేసి ఏం జెయ్యాలె?" అంటాడు. ఉన్న చోటి నుంచే సొంతూరికి ఓటేసే యంత్రం నమూనా సిద్ధమైందని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది. ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాలు. చాలా పార్టీలు నమ్మలేదు, అది అక్కడే ఆగింది. వాళ్ల అనుమానాలు ఉత్తవి అనను. కానీ మా కుట్టుమిషన్ దాకా నడిచొచ్చిన ఓటు చిన్నాయిన సాంచా దాకా ఎందుకు పోదో నాకర్థం కాదు.

అవ్వకు ఇప్పుడు 85. వచ్చేసారి ఇల్లా, బడా అని ముందే అడగాలి. అడిగితే ఏమంటుందో తెలుసు, అయినా అడగాలి.

పింఛను పుస్తకం సాయంత్రం కుట్టుమిషన్ సొరుగులో దొరికింది. ఓటరు కార్డు అడిగితే అవ్వ ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుని పడుకుంది.