మునగపూత మీది తేనెపిట్ట

చెన్నైలోని పశ్చిమ మాంబలం వంటి పాత పేటల్లో ఇళ్ళు ఒకదానినొకటి ఒరుసుకొని ఉన్నా, పెరట్లో ఒక మునగచెట్టో మందారపు మొక్కో మిగిలి ఉంటే చాలు, తేనెపిట్టలు వస్తూనే ఉంటాయి. మా మునగపూతకు ఎక్కువగా వచ్చేది ఊదారంగు నడుము గల చిన్న తేనెపిట్ట. పక్కింటి మామి దానిని ‘తేన్‌సిట్టు’ అంటారు. పది సెంటీమీటర్లయినా లేని ఈ పక్షిలో మగదానికి తల మీద నీలం కలిసిన ఆకుపచ్చ, గొంతు మీద ఊదా, వీపు మీద ముదురు ఎరుపు, పొట్ట మీద పసుపు ఉంటాయి. దీని బంధువైన ఊదా తేనెపిట్ట మగది గూడు కట్టే కాలం ముగిశాక తన మెరుపును చాలావరకు విడిచిపెడుతుంది కాని, ఇది మాత్రం ఏడాది పొడవునా ఇదే వేషంలో ఉంటుంది.

అయినా ఫొటోల్లో చాలాసార్లు నల్లగా పడుతుంది. పొట్ట మీది పసుపు ఈకలోనే ఉన్న వర్ణద్రవ్యం కనుక ఏ వైపు నుంచి చూసినా పసుపుగానే కనిపిస్తుంది. తల, గొంతు మీది మెరుపు మాత్రం ఈకల్లోని అతి సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి వచ్చేటప్పుడు పుట్టేది కనుక, ఆ వెలుగు మన వైపు తిరగకపోతే అక్కడ రంగే ఉండదు. అందువల్ల ఖరీదైన లెన్సు కంటే మనం నిలబడే చోటు ముఖ్యమని నా అభిప్రాయం. ఉదయపు ఎండ మన వీపు మీద పడేలా, చెట్టుకు తూర్పు వైపున నిలబడి, షటర్ సెకనులో వెయ్యో వంతో అంతకన్నా తక్కువ సేపో మాత్రమే తెరుచుకునేలా పెట్టుకొని, తెల్లని మునగపూలు వెలిసిపోకుండా ఎక్స్‌పోజరును కాస్త తగ్గిస్తే, పిట్ట మెడ తిప్పిన క్షణంలో గొంతు భగ్గుమంటుంది. ఫ్లాష్ నేను వాడను.

ఈ పిట్ట సాధారణంగా గాలిలో నిలిచి కాక, కొమ్మ మీద వాలి తేనె తాగుతుంది కాబట్టి, దాని వెంట కెమెరాను పరుగెత్తించే కన్నా ఒక పూగుత్తిని ఎంచుకొని కాచుకోవడం మేలు. మందారం దగ్గర ఇంకొక కిటుకు ఉంది: పువ్వు ముఖం వైపు నుంచి కాక, అడుగున ముక్కుతో చిల్లు పొడిచి దొంగచాటుగా తేనె లాగేస్తుంది కనుక, ఫోకస్ తొడిమ దగ్గర ఉండాలి.

గూడు కట్టేది ఆడపిట్ట ఒక్కతే. బెరడు ముక్కలను, పీచును సాలెగూడు దారాలతో అల్లి, ద్వారం పైన చిన్న చూరు కూడా దించి, సన్నని కొమ్మకో తీగకో సంచిలా వేలాడదీస్తుంది. ఆ గూటి ఫొటో కావాలని మామి అడిగారు. మనం దగ్గరికి వెళితే తల్లి బెదురుతుంది, కాకులు కూడా ఆ చోటు కనిపెడతాయి, కనుక ఒప్పుకోలేదు. బదులుగా, బూడిదరంగు గొంతుతో మునగకొమ్మ మీద కూర్చున్న ఆడపిట్ట ఫొటో ముద్రించి ఇచ్చాను. ఆవిడ దానిని అటూ ఇటూ తిప్పి చూసి, రంగులున్నది ఏదని అడిగారు.