జమాఖర్చుల అభ్యర్థి

2010 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ చూడటానికి డెట్రాయిట్ శివార్లలోని మా అపార్ట్‌మెంటులో ఏడుగురం చేరాం. ఆ ఏడుగురిలో ముగ్గురికి అప్పటికి ఉద్యోగాలు లేవు, వారిలో నేనొకణ్ణి. కారు సీట్లకు అమర్చే ఇనుప చట్రాలు తయారుచేసే ఒక సంస్థలో డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తూ, 2009 వేసవిలో ఉద్యోగం పోగొట్టుకుని, నా భార్య హెచ్-1బీ పుణ్యమా అని హెచ్-4 వీసాకు మారి, ఇంట్లో పిల్లవాడిని చూసుకుంటున్న రోజులవి. ఆట నియమాలు మాలో ఇద్దరికి మించి తెలియవు కాబట్టి మేము ఎక్కువగా ప్రకటనలే చూశాం. వాటిలో ఒకటి మిషిగన్ గవర్నరు పదవికి పోటీ చేస్తున్న రిక్ స్నైడర్ అనే అకౌంటెంటుది. ఆ ప్రకటన ఆయనను ‘వన్ టఫ్ నెర్డ్’ అని పరిచయం చేసింది. నెర్డ్ అనే మాటను మన కాలేజీ భాషలోకి తెచ్చుకుంటే ‘పుస్తకాల పురుగు’ అవుతుంది. ఓటు అడగటానికి వచ్చిన మనిషి ఆ బిరుదు తగిలించుకుని రావడం చూసి అందరం నవ్వుకున్నాం కానీ, నవ్వుతోపాటు ఈయన మన బాపతే అన్న అభిమానం కూడా కొంత పుట్టిందని ఒప్పుకోవాలి. మాలో ఎవరికీ ఓటు లేదు.

అప్పటి మిషిగన్ పరిస్థితిని ఈ తరం ఊహించుకోవడం కష్టం. కార్ల కంపెనీల్లో 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్లు వేశాయి. ఆ ఏడాది మధ్యకు వచ్చేసరికి రాష్ట్రంలో నిరుద్యోగం 14 శాతం దాటింది. 2010 జనాభా లెక్కలు వెలువడ్డాక, అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఆ పదేళ్లలో జనం తగ్గిన రాష్ట్రం ఇదొక్కటేనని తేలింది. డెట్రాయిట్ నగర జనాభా అయితే 9,51,270 నుంచి 7,13,777కి పడిపోయింది. అయితే ఈ అంకెలన్నిటికన్నా నాకు బాగా గుర్తుండిపోయింది మేము పప్పూ బియ్యం కొనుక్కునే ఇండియన్ దుకాణంలో తలుపు పక్కనున్న చీటీల బోర్డు. నేను వచ్చిన కొత్తలో దాని నిండా రూమ్మేటు కావాలనే చీటీలు, కూచిపూడి క్లాసుల చీటీలు ఉండేవి. 2009 చలికాలానికి అన్నీ అమ్మకపు చీటీలే: సోఫా, భోజనాల బల్ల, పిల్లల మంచం, ఐదేళ్ల టొయోటా కారు. ఫోను నంబరు చింపుకోవడానికి వీలుగా చీటీల అడుగున కత్తిరించిన తోకలు, ఒక్కటీ చిరగకుండా, వేలాడుతూ ఉండేవి.

ఇలాంటి చోట వ్యాపారం తెలిసిన అభ్యర్థి మాట జనం చెవికెక్కడంలో వింత లేదు. స్నైడర్ బాటిల్ క్రీక్‌లో పుట్టి, 23 ఏళ్లకే మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, ఎంబీఏ, లా పట్టా మూడూ అందుకుని, ఆ తర్వాత సీపీఏ, అంటే లైసెన్సున్న అకౌంటెంటు, అయిన మనిషి. ఆవు మచ్చల అట్టపెట్టెల్లో కంప్యూటర్లు అమ్మిన గేట్‌వే కంపెనీలో 1991లో చేరి, తర్వాత దాని అధ్యక్షుడయ్యారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌కు తిరిగి వచ్చి కొత్త కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే సంస్థలు నడిపారు. ఏ ఎన్నికలోనూ అంతకుముందు పోటీ చేయలేదు. పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే 2010 ఆగస్టు రిపబ్లికన్ ప్రైమరీలో ఆయన మీద నిలబడ్డవారిలో రాష్ట్ర అటార్నీ జనరల్, ఒక కాంగ్రెస్ సభ్యుడు, ఓక్లండ్ కౌంటీ షెరీఫ్, ఒక రాష్ట్ర సెనేటర్ ఉన్నారు. అంతటివాళ్ల మధ్య 36 శాతం ఓట్లతో ఆయన గెలిచారు. నవంబరు ఎన్నికలో డెమొక్రాట్ల అభ్యర్థి, లాన్సింగ్ మేయరు వర్జ్ బెర్నెరో మీద 58 శాతం తెచ్చుకున్నారు.

ఆయన వాదన పన్ను దగ్గర మొదలయ్యేది. 2008 నుంచి అమల్లో ఉన్న మిషిగన్ బిజినెస్ టాక్స్‌కు మూడు పొరలుండేవి. వ్యాపార ఆదాయం మీద 4.95 శాతం, మొత్తం అమ్మకాల్లోంచి ఇతర సంస్థల దగ్గర కొన్న సరుకు ఖర్చు తీసేయగా మిగిలిన దాని మీద 0.8 శాతం, ఈ రెండూ కలిపితే వచ్చిన పన్ను మీద మళ్లీ 21.99 శాతం సర్‌చార్జి. నేను పనిచేసిన లాంటి విడిభాగాల సంస్థ ఒకదాన్ని ఊహించుకోండి. ఏడాదికి 3 కోట్ల డాలర్ల అమ్మకాలు, అందులో సగం ఉక్కుకూ బోల్టులకూ పోయాయి, మిగిలిన సగం జీతాలకూ అద్దెకూ వడ్డీకీ సరిపోక ఆ ఏడు నష్టమే వచ్చింది. ఆదాయం మీద పన్ను సున్నా. రెండో పొర మాత్రం వదలదు: 1.5 కోట్ల మీద 0.8 శాతం అంటే 1,20,000 డాలర్లు, దాని మీద సర్‌చార్జి 26,388. రాయితీల సంగతి పక్కన పెడితే, నష్టంలో ఉన్న కంపెనీ అప్పు తెచ్చి మరీ 1,46,388 డాలర్లు కట్టాలి. మాంద్యంలో ఇది ఎంతమంది జీతాలకు సమానమో ఇంజనీర్లకు వేరే చెప్పనక్కరలేదు. ఇంత గజిబిజి అంతా తీసేసి, కార్పొరేషన్ల లాభం మీద సూటిగా 6 శాతం పన్ను ఒక్కటే ఉంచాలని స్నైడర్ అనేవారు. ఆ మాట నాకు అప్పుడూ సబబుగానే తోచింది, ఇప్పుడూ తోస్తోంది.

రెండోది బడ్జెట్ విషయం. 2007లోనూ 2009లోనూ అక్టోబరు 1 నాటికి బడ్జెట్ ఆమోదం పొందక రాష్ట్ర ప్రభుత్వం కొన్ని గంటలపాటు పాక్షికంగా మూతపడింది. ఒక కంపెనీ ఇలా నడిస్తే బ్యాంకు ఊరుకోదన్నది అకౌంటెంటు సహజంగా అనే మాట. అంతకన్నా లోతైన అభ్యంతరం కూడా ఆయనకుంది: రాష్ట్రం తన పుస్తకాల్లో ఈ ఏటి నగదును చూపిస్తుంది కానీ, రిటైరైనవారి వైద్యానికి ఇచ్చిన మాటల లాంటి దీర్ఘకాలపు బాకీలను సామాన్యుడికి కనిపించేలా చూపించదు. గవర్నరయ్యాక ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, రాష్ట్ర ఆర్థిక స్థితిని పౌరులకు వివరించే చిన్న మార్గదర్శిని ప్రచురించడం. దాన్ని నేను చదివాను. ప్రభుత్వ ప్రచురణ ఒకటి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివించడం అప్పటికీ ఇప్పటికీ నాకు అదొక్కసారే జరిగింది.

మూడోది నాకు బాగా నచ్చింది. రాష్ట్రాలన్నీ బయటి కంపెనీల వెంటపడి, భూమీ పన్ను మినహాయింపులూ ఎర చూపి లాక్కొచ్చే పద్ధతిని ఆయన వేటతో పోల్చేవారు. దాని బదులు ఉన్న చిన్న కంపెనీలకు నీరు పోసి పెంచే తోటపని చేద్దామనేవారు. సినిమా నిర్మాణ ఖర్చులో 42 శాతం దాకా తిరిగిచ్చే రాయితీని 2008లో తెచ్చిన రాష్ట్రమది. హాలీవుడ్ వాళ్లు వచ్చి, చిత్రీకరించుకుని, రాయితీ పట్టుకుని వెళ్లిపోతే డెట్రాయిట్‌లో మిగిలేదేమిటన్న ప్రశ్నకు అప్పట్లో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. స్నైడర్ వచ్చాక ఆ ఖర్చును మొదట ఏడాదికి 2.5 కోట్ల డాలర్లకు కట్టడి చేశారు.

1990ల చివర్లో హైదరాబాదులో చదువుకున్న మా తరానికి రాష్ట్రాన్ని నడిపేవాణ్ణి సీఈఓ అనడం కొత్త కాదు. చంద్రబాబు నాయుడు గారి గురించి పత్రికలు రోజూ అదే మాట రాసేవి. 2004 ఫలితాలూ మాకు గుర్తున్నాయి. అయినా మిషిగన్‌లో అదే మాట మళ్లీ విన్నప్పుడు మేము తలలూపాం. ఉద్యోగం లేని మనిషి ఆశకు జ్ఞాపకశక్తి తక్కువ. బెర్నెరో వర్గం మాత్రం ఒక ప్రశ్న వదలకుండా అడిగింది: గేట్‌వే డైరెక్టర్ల బోర్డులో ఈయన ఉన్న కాలంలోనే కదా ఆ కంపెనీ అమెరికా ఉద్యోగాలను తగ్గించుకుని పనిని విదేశాలకు పంపింది? దీనికి స్నైడర్ ఇచ్చిన జవాబులు నన్ను అంతగా ఒప్పించలేదు. కానీ అలా పని అందుకునే దేశం నుంచి వచ్చినవాణ్ణి నేను ఆ ప్రశ్నను బిగ్గరగా అడగలేను కదా.

గెలిచాక ఆయన మాట తప్పలేదు. 2011 మేలో కొత్త పన్ను చట్టం మీద సంతకం చేశారు. 2012 జనవరి 1 నుంచి 6 శాతం పన్ను అమల్లోకి వచ్చింది. బడ్జెట్ గడువుకు నెలల ముందే పూర్తయింది. అయితే వ్యాపారాలకు ఏటా 160 కోట్ల డాలర్లకు పైగా తగ్గించినప్పుడు, అది కూడా 150 కోట్ల డాలర్ల లోటు ముందుంచుకుని తగ్గించినప్పుడు, ఆ భారం ఎవరో ఒకరు మోయాలి. 1946కు ముందు పుట్టినవారిని మినహాయించి మిగిలినవారి పింఛన్ల మీద పన్ను వేశారు. తక్కువ జీతాల కుటుంబాలకు రాష్ట్రం ఇచ్చే పన్ను వాపసు, ఫెడరల్ వాపసులో 20 శాతంగా ఉండేది, 6 శాతానికి దిగింది. అంటే ఫెడరల్ ప్రభుత్వం నుంచి 3,000 డాలర్లు వచ్చే ఇంటికి రాష్ట్రం నుంచి వచ్చే 600 డాలర్లు 180 అయ్యాయి. నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 26 వారాలుండేది, 20 వారాలకు తగ్గింది. ఎన్నికల ప్రచారంలో వినిపించిన పన్ను సంస్కరణలో ఈ రెండో పేజీ ఇంత స్పష్టంగా వినిపించలేదని నా ఫిర్యాదు. జమ వైపు చెప్పినంత గట్టిగా ఖర్చు వైపు కూడా చెప్పి ఉంటే 58 శాతం వచ్చేదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. ఈ పింఛను పన్నునూ, వాపసు కోతనూ 2023లో తర్వాతి ప్రభుత్వం వెనక్కి తిప్పింది.

ఆర్థిక వ్యవస్థ కోలుకుంది, సందేహం లేదు. 2018 చివర ఆయన దిగిపోయేనాటికి నిరుద్యోగం 4 శాతం చుట్టూ ఉంది. కానీ ఈ కోలుకోవడాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్నది అంత తేలిక కాదు. అమెరికాలో 2009లో కోటీ 4 లక్షల కార్లు, ట్రక్కులు అమ్ముడైతే, 2015లో కోటీ 74 లక్షలు దాటాయి. ఫెడరల్ ప్రభుత్వం జనరల్ మోటార్స్‌నీ క్రైస్లర్‌నీ నిలబెట్టింది. కొత్త పన్ను ఇంకా అమల్లోకి రాకముందే, 2010 చివరికే, నిరుద్యోగం 11 శాతం దరిదాపులకు దిగింది. 2011 వసంతంలో నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. ఇచ్చిన మేనేజరును ఎందుకు తీసుకుంటున్నారని అడిగితే పికప్ ట్రక్కుల ఆర్డర్లు పెరిగాయన్నాడు తప్ప, పన్ను మాట ఎత్తలేదు. ఒక్క మేనేజరు మాటతో సిద్ధాంతం తేలదని నాకూ తెలుసు.

స్నైడర్‌కు మాలాంటివాళ్లు ఒకందుకు రుణపడి ఉన్నారు. 2013 జులైలో డెట్రాయిట్ నగరం దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. మరుసటి జనవరిలో ఆయన, ఆ నగరంలో ఉండి పనిచేసే నిపుణులైన వలసదారులకు ఐదేళ్లలో 50,000 వీసాలు కేటాయించమని ఫెడరల్ ప్రభుత్వాన్ని అడిగారు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ఆ వారమంతా అదే కబురు. డెట్రాయిట్‌లో ఇల్లు ఎంతకొస్తుందని నా స్నేహితుడొకడు లెక్కలు కూడా వేశాడు. వీసాలు రాలేదు. కానీ జనం తగ్గిన చోటికి జనాన్ని రప్పించాలన్న ఆ సూటి ఆలోచన రాజకీయం మాత్రమే తెలిసినవాడికి రావడం కష్టమని నేను నమ్ముతాను.

అదే సూటితనం మరోచోట ఎలా పనిచేసిందో కూడా చెప్పాలి. 2013 అక్టోబరు నుంచి దాదాపు రెండేళ్లపాటు రాష్ట్ర నిరుద్యోగ భృతి విభాగం మోసాలను కంప్యూటరు వ్యవస్థతోనే పట్టింది. మనిషి చూడాల్సిన పనిలేదు, ఖర్చు తక్కువ. ఆ వ్యవస్థ దాదాపు 40,000 మందిని మోసగాళ్లని తేల్చింది. తర్వాత రాష్ట్రమే ఆ కేసుల్లో సగానికి పైగా తిరిగి పరిశీలిస్తే వాటిలో 93 శాతం తప్పని బయటపడింది. ఈలోగా జీతాల్లో కోతలు, పన్ను వాపసుల జప్తులు జరిగిపోయాయి. సాఫ్ట్‌వేరు రాసి బతికే మనవాళ్లు ఈ 93 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడాలి.

ఇక మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం. అప్పుల్లో కూరుకుపోయిన ఊళ్లకు గవర్నరు యంత్రాంగమే అత్యవసర మేనేజరును పంపి, ఎన్నికైన కౌన్సిల్ అధికారాలను ఆయన చేతిలో పెట్టే చట్టాన్ని స్నైడర్ 2011లో బలపరిచారు. 2012 నవంబరులో ప్రజలు ఓటు వేసి దాన్ని రద్దు చేశారు. ఆ డిసెంబరులోనే దాదాపు అలాంటిదే మరో చట్టం వచ్చింది. ఫ్లింట్ అలాంటి మేనేజరు చేతిలో ఉండగా, 2014 ఏప్రిల్ 25న, ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నుంచి వచ్చే హ్యూరన్ సరస్సు నీటిని ఆపి ఫ్లింట్ నది నీటిని ఇళ్లకు పంపడం మొదలుపెట్టారు. గొట్టాలు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లను సీసాల్లో పట్టి సమావేశాలకు తెచ్చి చూపించారు.

ఆ ఊళ్లో జనరల్ మోటార్స్ ఇంజన్ల కర్మాగారం ఒకటుంది. కొత్త నీటితో ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని గమనించి, 2014 అక్టోబరులో ఆ కర్మాగారం పక్కనున్న ఫ్లింట్ టౌన్‌షిప్ నుంచి మళ్లీ సరస్సు నీళ్లు తెచ్చుకుంది. ఇళ్లకు సరస్సు నీళ్లు తిరిగి రావడానికి మరో ఏడాది పట్టింది. కర్మాగారం నీళ్లు మార్చుకున్నప్పుడు నగరం వేసుకున్న లెక్క ఒక్కటే: ఏటా రావలసిన నీటి బిల్లుల్లో దాదాపు 4 లక్షల డాలర్ల నష్టం.