మెళియాపుట్టి దారిలో రాయి చప్పుడు

ఇంటి పునాదికి సైజు రాయి మాట్లాడుకుందామని మెళియాపుట్టి వైపు వెళ్లాను. శ్రీకాకుళం నుంచి టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. టెక్కలి నీలి గ్రానైట్ బ్లాకులు వేసుకున్న లారీలు దారిలో ఎదురవుతూనే ఉన్నాయి. ఆ రాయి విదేశాలకు కూడా వెళ్తుంది. నాకు కావలసిన రాయి మాత్రం కొండ వారన నలుగురు మనుషులు చేత్తో కొట్టే చోట ఉంది.

ఎండ ముదరక ముందే పని సగం అయిపోవాలని వాళ్లు తెల్లారకుండానే వస్తారట. నేను వెళ్లేసరికి చోడి అంబలి తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు.

పెద్ద మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. మంచం అంత బండ ఎక్కి, సుత్తితో చిన్నగా తడుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. "ఇటేపు నార ఉంది బాబూ, ఇలాగే ఇరుగుతాది" అని బొగ్గుతో గీత గీశాడు. గీత వెంబడి జానెడుకొకటి చొప్పున ఉలితో గుంతలు చేసి, ఒక్కోదాంట్లో ఇనుప చీల నిలబెట్టారు. తర్వాత సమ్మెట. ఒకే చీలను లోపలికి దిగగొట్టేయరు. వరసగా అన్నిటికీ ఒక్కో దెబ్బ, మళ్లీ మొదటి నుంచి. ముందు ఖంగుమని మోగిన ఇనుము నాలుగో వరసకి బొంగురుపోయింది. మేస్త్రీ చెయ్యెత్తాడు.

"ఆగండి. ఇంక అదే పగులుతాది."

అందరం ఊరుకున్నాం. ఎండుపుల్ల విరిగినట్టు సన్నగా చప్పుడయింది. గీత పొడవునా వెంట్రుక అంత చీలిక పాకింది. గునపంతో ఎత్తితే రెండు ముక్కలూ కోసిన జున్నులా నున్నగా ఉన్నాయి. తాకితే లోపలి రాయి చల్లగా ఉంది.

పక్క క్వారీలో కంప్రెషర్‌తో కన్నాలు వేస్తున్నారు. చుక్క నీళ్లు లేకుండా పొడిగా. డ్రిల్ పట్టుకున్న కుర్రాడి కనుబొమలు కూడా తెల్లగా అయిపోయాయి, ముక్కుకి తువ్వాలు తప్ప ఏమీ లేదు. నాకు ఇదే ఎక్కువ బాధనిపించింది. ఆ సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడితే వచ్చేది సిలికోసిస్. దానికి నయం చేసే మందు లేదు. నీళ్లు పోస్తూ డ్రిల్ చేస్తే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది. ఒక పైపు, ఒక డ్రమ్ము ఖర్చు, అంతే కదా!

"మా తమ్ముడూ ఆ మిషన్ మీదే చేసేవోడు. దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు, మందులు మింగాడు, తగ్గలేదు" అన్నాడు మేస్త్రీ. నాకు నోట మాట రాలేదు. సిలికోసిస్‌ని టీబీ అని పొరబడడం మామూలే. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ రావడమూ ఎక్కువే. రాళ్ల పని చేస్తానని డాక్టరుకి చెప్పాలని ఆ కుర్రాళ్లకి చెప్పేవాళ్లే లేరు.

బేరం తేలిగ్గానే కుదిరింది. నేను ఒక నల్లటి రాయి ముచ్చటపడి చూపిస్తే మేస్త్రీ సుత్తితో తట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇది మీకొద్దు బాబూ, లోపల బీట ఉంది." నాకు ఏ గీతా కనిపించలేదు. దాన్ని పక్కకి దొర్లించి, ట్రాక్టర్ గురువారం పంపుతానని, మళ్లీ బండ ఎక్కాడు.